పది నిమిషాల వంతు

"ఆగిపోయింది!" ఇరిగేషన్ ఇంజనీరు సుబ్బరామరాజు బల్లమీద గుద్దాడు.

ప్రింటర్ కక్కిన కాగితం మీద చివరి వరుస చదివింది ఆపరేటర్ రత్నమాణిక్యం. టైమ్ లిమిట్ దాటింది, జాబ్ రద్దు.

రాజమండ్రి కాలేజీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ అందరిదీ. ఎవరి జాబ్‌కైనా, అంటే యంత్రానికిచ్చిన లెక్కకైనా, పదే నిమిషాలు. ఆపైన యంత్రమే మెడపట్టి గెంటేస్తుంది. ఎగువన గోదావరి పెరుగుతోంది. రేపటికి నది మధ్యనున్న లంకలో నీళ్ళు ఎంత ఎత్తుకొస్తాయో నాలుగింటికల్లా తేలితేనే, వెలుగుండగా పన్నెండు వందలమంది పడవలెక్కుతారు. ఇప్పుడు రెండున్నర.

"లిమిట్ పెంచమ్మా. అరగంట చాలు."

"దాని పాస్‌వర్డ్ మా హెడ్ గున్నేశ్వరరావుగారికే తెలుసండి. ఆయన అన్నవరంలో వ్రతం పీటలమీదున్నారు."

"అయితే లంకవాళ్ళనీ ఆ స్వామికే వదిలేద్దామంటావా?"

రత్నమాణిక్యానికి తన తండ్రి గుర్తొచ్చాడు. ఆయన పాలకొల్లు కాలవ మీద లస్కరు, రైతులకు వంతులవారీగా నీళ్ళు వదిలే మనిషి. వంతు అయిపోతే చేను సగమే తడిసినా తూము మూసేసేవాడు. తడిసినంత మేరకు కర్ర పాతించేవాడు. మళ్ళీ వంతులో నీళ్ళు తిన్నగా ఆ కర్ర దగ్గరికే బోదె కాలవలో పోయేవి.

"రాజుగారూ! మీ లెక్క గంటగంటకీ నీటిమట్టం కడుతుంది కదండీ. దాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్క అవగానే మనమే ఆపి, ఆ అంకెలు కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేయిద్దాం. తరవాతి జాబ్ ఆ కార్డుల దగ్గర్నుంచే మొదలవుతుంది."

"భేష్! కానీ మూడు వంతులు నాకెవరిస్తారు?"

రత్నమాణిక్యం వరండాలోకెళ్ళి, క్యూలో ఉన్నవాళ్ళకు సంగతి చెప్పింది. ముందున్న లెక్కల లెక్చరర్ అన్నపూర్ణమ్మ తన కార్డుల కట్ట సంచిలో పెట్టేసుకుంది. "పిల్లల మార్కుల లెక్క రేపు చూసుకుంటాలే." రెండో ఆయనా తప్పుకున్నాడు. మూడోవాడు రీసెర్చ్ విద్యార్థి అమ్మిరాజు.

"నిడదవోలు నుంచి మూడ్రోజులుగా తిరుగుతున్నానండి! ప్రతిసారీ నేనేనా?"

అమ్మిరాజు బుర్ర గోక్కున్నాడు.

"సర్లెండి. రేపు మొదటి వంతు నాది. కాయితం మీద రాసివ్వాలి."

మొదటి ముక్క ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. రెండోది తొమ్మిది నిమిషాల్లో. మధ్యమధ్య కార్డులు పంచ్ చేసి, పేర్చి, మూడోది మొదలయ్యేసరికి మూడున్నర దాటింది. తొమ్మిది నిమిషాలు గడిచినా ప్రింటర్ కదల్లేదు. రత్నమాణిక్యం గడియారం వంక చూడటం మానేసింది.

టకటకమంటూ ప్రింటర్ లేచింది. లంక గట్టుకన్నా మూడడుగులు పైకి!

సుబ్బరామరాజు కాగితం చింపుకుని జీపులోని వైర్‌లెస్ దగ్గరికి పరిగెత్తాడు. నాలుగూ పదికి తిరిగొచ్చి గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

"మొదటి పడవ కదిలిందమ్మా."

"శుభం," అన్నాడు అమ్మిరాజు వెనకనుంచి. "మరి నా కాయితం?"

రత్నమాణిక్యం నవ్వి, సుద్దముక్క తీసుకుంది. నోటీసు బోర్డు మీద రేపటి వరుసలో అందరికన్నా పైన అతని పేరు రాసింది.