పొన్నుకర్ర మోసిన నీళ్ళు

నేను ఒక పొన్నుకర్రను. మెత్తని మాటలు నా దగ్గర వెతక్కండి, కొట్టడానికి పుట్టినదాన్ని. బోలు లేని గట్టి వెదురును ఏరి కోసి, నిప్పుల సెగ మీద వంకర తీసి, నెలరోజులు ఆముదం పట్టించి, రెండు కొసలకూ ఇత్తడి పొన్నులు తొడిగారు. సాటి మనిషి ఎముక విరిగినా నేను విరగకూడదని అంత శ్రమ. మనుషుల ముందుచూపు అలాంటిది.

మొదట ఒక పశువుల బేరగాడి దగ్గర ఉన్నాను. అతను గేదెల మీద తప్ప నన్ను ఎత్తేవాడు కాదు. అతని దగ్గర్నుంచి కోటప్ప చేతికి వచ్చాక నా అసలు పని మొదలైంది.

కోటప్ప సముద్రం పక్క ఇసక నేలలో ఒక జీడితోటకు కాపలాదారు. అతని కేకకంటే ముందు నా దెబ్బ పడేది. ఒక వేసవి పొద్దున సుబ్బులు అనే కూలిమనిషి ఎండుటాకులు బుట్టకెత్తుకుంటూ దొరికింది.

“రాలిపోయినయ్యేగా కోటప్పా, పొయ్యిలోకి” అంటూ బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టింది.

కోటప్ప నన్ను ఆ చేతి మీదికే దించాడు. కుడి మణికట్టు పుటుక్కుమంది. తోట ఆసామికి ఆ ఆకులతో ఏ పనీ లేదు. ఎముక వంకరగా అతుక్కుంది. ఆ తర్వాత సుబ్బులు బావిలో చేద వేసి నీళ్ళు తోడలేకపోయింది.

ఆ ఏడు వానల్లో కోటప్పకు విషజ్వరం పట్టుకుంది. నా దెబ్బలు ఓర్చుకోలేక పెళ్ళాం అంతకుముందే పుట్టింటికి పోయింది. ఆసామి మనిషిని పంపి తోట తాళాలు తెప్పించుకున్నాడు. గంజి మాత్రం పంపలేదు. పీడ విరగడైతే బాగుండునని ఊళ్ళో పైకే అనుకున్నారు.

అప్పుడొచ్చింది సంతోషమ్మ. పల్లెలో ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే ముసలావిడ. రోజూ మైలు దూరం నడిచి వచ్చి గంజి పోసేది. పక్క పాడైతే ముక్కు బిగబట్టుకుని కడిగేది. పదో రోజున కోటప్ప కళ్ళు తెరిచి, “నేనంటే నీకెందుకమ్మా ఇంత ప్రేమ?” అన్నాడు.

“ప్రేమా?” అందావిడ. “నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది నాయనా. నువ్వు కొట్టినోళ్ళలో మా చెల్లెలు కూడా ఉంది. ఇంట్లో కూచుని రానంటాను. ప్రభువు పొమ్మంటాడు. ఆయన మాట తీసెయ్యలేక వస్తన్నా. తాగు.”

ప్రేమతో వచ్చానంటే కోటప్ప నమ్మేవాడు కాడు. ఒళ్ళు మండుతూనే తన మలం కడిగే మనిషిని చూసి భయపడ్డాడు. ఆమెను నడిపించేవాడెవడో తెలుసుకోవాలనుకున్నాడు. జ్వరం తగ్గేసరికి ఆమెతో పాటు మోకరించి, చేసినవన్నీ పేరుపేరునా చెప్పి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను మూలన నిలబడి చూశాను. నాకు రోత పుట్టింది.

కాలవలో బాప్తీస్మం తీసుకుంటుంటే ఒడ్డున జనం నవ్వారు. “నీళ్ళలో ముంచితే బొగ్గు తెల్లబడుద్దా?” అన్నాడొకడు. చర్చిలోనూ అతను కూర్చున్న చాప మీద రెండో మనిషి కూర్చోలేదు. క్షమాపణ గురించి గొంతెత్తి పాడేవాళ్ళే వాళ్ళంతా.

“దేవుడి దగ్గర ఏడ్చింది చాల్లే” అంది సంతోషమ్మ. “ఎవరి చెయ్యి ఇరగ్గొట్టావో వాళ్ళ గడపకు పో.”

కోటప్ప కాపలా మానేశాడు. నా పొన్నులు ఊడబెరికి, కొసల్లో కత్తితో గాట్లు కోసి, ఉట్లు కట్టి నన్ను కావడి చేశాడు. ఆ గాట్లు పడ్డ రోజున నేను అతన్ని శపించాను.

సుబ్బులు వాకిట్లో రెండు కుండల నీళ్ళు దించితే ఆమె ఎడమచేత్తో రెండూ ఒంపేసింది.

“నీ దేవుడు నిన్ను క్షమించాడంటగా. చెయ్యి ఇరిగింది ఆయనకా, నాకా?”

కోటప్ప ఖాళీ కుండలు ఎత్తుకున్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, ఆమె మళ్ళీ పారబోసింది. అక్కణ్ణుంచి ఇంకో కావడి నింపుకుని గుడ్డి నరసింహులుకు, ఆ పక్కన బాలింతరాలికి పోసేవాడు. వాళ్ళు తిట్టి మరీ పోయించుకునేవాళ్ళు. ఏడు నెలలు అలా గడిచాయి.

ఒకరోజు, పడవ పనికి దూరం పోయిన సుబ్బులు కొడుకు పోలయ్య చాన్నాళ్ళకు ఇంటికొచ్చాడు. వాకిట్లో కోటప్పను చూడగానే ఉట్లు తెంపి నన్ను లాక్కున్నాడు. ఒక కుండ పగిలింది. ఇన్నాళ్ళకు నా పని నాకు దొరికిందని పొంగిపోయాను. మొదటి దెబ్బకే కోటప్ప భుజం ఎముక విరిగింది. రెండోదానికి నాకే నడుమున చీలిక పడింది. కోటప్ప చెయ్యి అడ్డం పెట్టలేదు. తిరగబడలేని ఒళ్ళు నేను ఎన్నో చూశాను. తిరగబడగలిగీ కదలని ఒంటి మీద పడటం అదే మొదలు.

మూడో దెబ్బకు సుబ్బులు కొడుకు రెక్క పట్టుకుంది. “ఆపరా! నా కడుపున ఇంకో కోటప్ప పుట్టాడని అనిపించుకోనియ్యమాక.”

కోటప్ప లేచి, మంచి చేత్తో మిగిలిన కుండను ఎత్తి పట్టుకున్నాడు. “వంచనా అమ్మా?”

ఆమె ఎడమచేత్తో బాన మూత తీసింది. “వంచు. క్షమించాననుకోమాక.”

“అనుకోనమ్మా.”

భుజం అతుక్కునేదాకా ఒక్కో కుండే మోశాడు. తర్వాత నా చీలికకు తీగ చుట్టి మళ్ళీ కావడి కట్టాడు. పదకొండేళ్ళు పోశాడు. సుబ్బులు మళ్ళీ ఒక్క కుండా పారబోయలేదు. క్షమించానని ఒక్కసారీ అనలేదు.

కోటప్పను మట్టి చేసిన పొద్దున ఆమె సమాధి దాకా వచ్చింది, కన్నీరు పెట్టలేదు. ఇంటికి తిరిగొచ్చి కొడుకును కేకేసింది.

“పోయినోడు పోయాడు. ఆ గుడ్డాయనకు ఇయ్యాళ నీళ్ళెవరు పోస్తారు? పో, కావడెత్తు.”

పోలయ్య చర్చి గడప తొక్కే మనిషి కాడు. కోటప్పనూ, అతని దేవుణ్ణీ, చివరికి తల్లినీ గొణుగుతూ తిట్టుకున్నాడు. తిడుతూనే నన్ను భుజాన వేసుకుని బావి దారి పట్టాడు.