ఎవరి కుక్క?

ఈ కొండల్లో తైగన్ వేటకుక్కను నా అంత బాగా పరుగెత్తించేవాడు ఇంకా పుట్టలేదు. నా కుక్కలు దౌడు తీస్తే వాటి నీడలు వెనకబడిపోయి, పొద్దువాలాక ఆయాసపడుతూ ఇల్లు చేరేవి.

రొట్టెపిండి పిసుకుతూ ఇది విన్నప్పుడల్లా మా కోడలు బురుల్ నవ్వేది కాదు. ఆమె మనసు నాకెలా తెలుసంటారా? ఆడగుర్రం పాలు పితుకుతూ దానితోనే చెప్పుకునేది. మా గుడారం గోడ ఉన్నిదే కదా, నా చెవులేమో పదును.

"విన్నావా, ఇవాళ కూడా ఆయనే పరుగెత్తించాడట!"

పొయ్యి రాజేసి, అందరికీ టీ పోసి, అప్పుడు కుక్కలతో వాగు దాటేది. కుక్కపిల్లను గొర్రెపిల్లల మధ్య వదిలి, అదెప్పుడు పడుకుంటే అప్పుడే ఆట ఆపేది. ఏడాది దాటినదాన్ని నడిచే గుర్రం వెంట మెత్తని గడ్డిలో తిప్పేది. వయసులో ఉన్నదాన్ని కొండెక్కించి పూర్తిగా విడిచిపెట్టేది. ముసలి కుక్కను వాగు ఒడ్డున నడిపించి, అది అలసిపోకముందే తనే చతికిలబడేది, దాని పరువు పోకుండా. 'ఏ వయసు కుక్కకు ఎంత పరుగు కావాలో ఈ ఇంట్లో అందరూ మాట్లాడతారు. పంతొమ్మిదేళ్ళకు కోడలిగా వచ్చాను, నాకెంత చాలునో ఒక్కరూ అడగలేదు. వాగు అవతల మాత్రం ఎవరికీ టీ పొయ్యక్కర్లేదు. అక్కడ నా కాళ్ళు నావి.' ఇదీ ఆమె ఆడగుర్రానికి చెప్పుకున్నదే. ఆమె మొగుడు, మా అబ్బాయి మైరంబెక్ మాటేమో, "కుక్కలతో షికారు కూడా ఒక పనేనా?"

ఓ వేసవిలో వాడు ఎనిమిది నెలల కుక్క అక్తోష్‌ను పందెపు గుర్రంలా తయారుచేస్తానని తిండి తగ్గించాడు. ఉన్ని దుప్పటి కప్పి, చెమట పట్టేదాకా గుర్రం వెనక ఉరికించబోయాడు. నేను భేష్ అన్నాను. బురుల్ వచ్చి దుప్పటి లాగేసింది.

"కుక్కకు గుర్రంలా చెమట పడుతుందా? దీని ఎముక ఇంకా ముదరలేదు. ఇప్పుడు ఉరికిస్తే జన్మంతా కుంటుతుంది."

"నీకేం తెలుసు కుక్కల సంగతి?" అన్నాడు వాడు.

"నీకు గుర్రం తెలుసుగా, దాన్నెక్కి వెళ్ళు. ఇది నాతో వస్తుంది."

రెండేళ్ళకు, ఈడ్చుకెళ్ళే నక్కతోలును కుక్కలు తరిమే పందెం వచ్చింది. పరుగు మొదలయ్యే గీత దగ్గర అక్తోష్‌ను పట్టుకుని బురులే నిలబడింది. మైరంబెక్ చెయ్యి చాచినా ఇవ్వలేదు.

"ఎవరి కుక్కమ్మా? మీ మామగారి పేరు చెప్పు!" అన్నాడు మైకు పట్టుకున్న పెద్దమనిషి.

జనం గొల్లున నవ్వారు. మాలో కోడలు మామ పేరు పలకదు. ఇక మొగుణ్ణి పిలుస్తుందనుకున్నారు. మైరంబెక్ గొంతు కూడా సవరించుకున్నాడు.

"ఆయన పేరు నేను పలకకూడదు," అంది బురుల్. "నా పేరు పలకొచ్చు. బురుల్. కుక్క నాది."

నేను టోపీ ఎగరేశాను.

"అవునయ్యా, ఆమెదే! నేను కుక్కతో ఆ వాగు దాటితే ఒట్టు!"

నా గొప్పలన్నీ ఆ టోపీతోనే ఎగిరిపోయాయి. ఛాతీ మాత్రం ఇంకా పొంగింది. అక్తోష్ అన్నిటికంటే ముందొచ్చింది. మైకులో చదివిన ఆమె పేరును కొండలు తిరిగి పలికాయి.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. నీడల సంగతి కాదు, అది నిజమే. అక్తోష్ ముందు రాలేదు, మూడోదిగా వచ్చింది. ఇది చదివి వినిపిస్తే బురుల్ పిండి చేతులు దులుపుకుంటూ అంది:

"మూడోదనే రాయండి మామయ్యా. నాదని చెప్పుకోడానికి అది మొదట రానక్కర్లేదు."