బాలకుమారి పులిహోర ఎవరు తిన్నారు

మంగళవారం పొద్దున్నే హోప్ లేచి, పాన్‌కేక్ కావాలని పేచీ పెట్టేసరికి బాలకుమారికి సగం ప్రాణం తిరిగొచ్చింది. మనవరాలికి జ్వరం లేదు, వాంతులు లేవు, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించిన చేతి మీద మాత్రం చిన్న ప్లాస్టరు మిగిలింది. బాలకుమారి మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం చెప్పుకుంది. మిగతా సగం ప్రాణం మాత్రం పులిహోర బేసిన్ దగ్గరే చిక్కుకుపోయి ఉంది.

ఆదివారం కెనడాలోని గ్వెల్ఫ్ తెలుగు ఫెలోషిప్‌వాళ్ళు ఊరి బయట పొలాల మధ్యనున్న ఒక పాత హాలు అద్దెకు తీసుకుని ప్రేమ విందు పెట్టుకున్నారు. అరవైమందికి సరిపడా పులిహోర బాలకుమారే కలిపి తీసుకెళ్ళింది. మర్నాటికల్లా తొమ్మిదిమంది పిల్లలు, ముగ్గురు పెద్దలు వాంతులతో మంచమెక్కారు. అందరూ తేరుకున్నారు, ఎవరికీ ప్రాణభయం లేదు. కానీ హెల్త్ డిపార్ట్‌మెంట్ నర్సు ఫోన్ చేసి, వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే ఇలా జరగవచ్చంది. ఎవరు ఏమేం తిన్నారో రాసివ్వమని ఒక ఫారం పంపింది. కూతురు జెస్లిన్ దాన్ని ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికల్లా అందరి జవాబులూ అందరికీ కనపడేలా వచ్చేశాయి. పులిహోర తిన్నామని రాయనివాళ్ళు ఒక్కరూ లేరు. "సూపర్ ఉంది ఆంటీ" అని ఆసుపత్రి మంచం మీద నుంచి రాసినవాళ్ళు కూడా ఉన్నారు.

అంతే, బాలకుమారి జరగబోయేదంతా లెక్కేసేసుకుంది. కెనడాలో ఉండనిచ్చే పీఆర్ కార్డు లాగేసుకుంటారు. పేపర్లో ఫోటో వేస్తారు. జెస్లిన్ ఉద్యోగం ఊడుతుంది. సొంతూరు నరసాపురంలో చర్చివాళ్ళందరికీ తెలిసిపోతుంది. భర్త రత్నరాజు తాను మూడు ప్లేట్లు లాగించి కూడా గుండ్రాయిలా తిరుగుతున్నానని ధైర్యం చెప్పబోయాడు. ఆయన కడుపు మనుషుల కడుపుల లెక్కలోకి రాదని ఆవిడ కొట్టిపారేసింది.

ఇంకో సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సోమవారం, కబురు తెలిసిన గంటలోపే, బేసిన్‌ని బ్లీచ్ పోసి రెండుసార్లు తోమేసింది. మిగిలిన పులిహోర చెత్తలో వేసేసింది, దాన్ని బండి పట్టుకుపోయింది. పరీక్షకు పిడికెడైనా మిగిలిందా అని నర్సు అడిగితే, అంతా తినేశారండీ అని చెప్పేసింది.

వారానికి మూడు రోజులు బాలకుమారి డాక్టర్ ఊనా కీర్నీ ఇంటికి వెళ్ళి వండిపెట్టి, స్నానం చేయించి వస్తుంది. డాక్టరమ్మకు ఎనభై మూడేళ్ళు. ఐర్లండ్‌లో పాడి పశువులవాళ్ళ ఇంట పుట్టింది. చిన్నప్పుడు తమ్ముడు పచ్చిపాల వల్ల వచ్చిన క్షయతో పోయాడట. దాంతో సూక్ష్మజీవుల చదువు చదివింది. మొదటి ఉద్యోగంలో ఊళ్ళో పాలన్నీ పరీక్ష చేస్తే, సొంత నాన్న బిందెలోనే క్షయ పురుగు కనపడింది. కాగితం మీద నాన్న పేరే రాసింది. ఆయన రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత కెనడా వచ్చి, ఇక్కడి బావుల నీళ్ళ మీద రిపోర్టులు రాసి రాసి, వాటిని ఎవరూ చదవడం లేదని ఒళ్ళు మండి ఊరి కౌన్సిల్‌ ఎన్నికల్లో నిలబడింది. పన్నెండేళ్ళు కౌన్సిలరు. బాలకుమారికి ఇందులో సగమే అర్థమైంది కానీ, సొంత నాన్న పేరు రాసిన మనిషంటే మాత్రం హడలు.

అందుకే ఆ మంగళవారం నోరు విప్పకూడదనుకుంది. కానీ గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నెలో నీళ్ళే పోయకుండా స్టవ్ మీద పెట్టింది. ఏమైందని డాక్టరమ్మ అడిగేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పింది. బ్లీచ్ సంగతి కూడా.

డాక్టరమ్మ తిట్టలేదు. వాట్సాప్ జవాబులు చూపించమంది. కళ్ళజోడు సర్దుకుని కిందదాకా చూసి, ఒక ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం జైలుకు పోవడం కన్నా కష్టమనిపించింది బాలకుమారికి.

"నువ్వు చెత్తలో వేసింది ఎంత?"

బాలకుమారి తల దించుకుంది. "సగం బేసిన్ పైనే. ఎవరూ సరిగ్గా ముట్టలేదు డాక్టరమ్మా. పిజ్జా వచ్చేసరికి అందరూ అటే పోయారు."

"మరి అరవైమందీ తిన్నామని ఎలా రాశారు?"

"నేనూ ఆ గ్రూపులో ఉన్నాను కదా. నా మొహం మీద తినలేదని ఎలా అంటారు?"

డాక్టరమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు కూడా వచ్చింది. తన ఆఖరి ఎన్నిక కథ చెప్పింది. ఊరి సభలో చేతులెత్తమంటే హాలు హాలంతా తనకే ఎత్తింది. అందరూ పక్కింటివాళ్ళే, ఎత్తక ఏం చేస్తారు. పెట్టె తెరిచి ఓట్లు చూస్తే చిత్తుగా ఓడింది. "తెర వెనక అడిగితేనే మనిషి నిజం చెప్తాడు, బాలా. ల్యాబులో నలభై ఏళ్ళున్నా నాకది తెలియలేదు. ఓడిపోయాక తెలిసింది."

ఎందుకు ఓడిందో కూడా చెప్పింది, ఈసారి నవ్వకుండా. సంతలో మాంసం కూరి కాల్చిన పైలు అమ్ముకునే ఒకావిడ ఉండేది. జనానికి వాంతులైతే, పరీక్ష ఫలితం రాకముందే, కౌన్సిల్లో అందరి ముందూ ఆవిడ పేరు చెప్పేసింది ఊనా కీర్నీ. తప్పు ఆవిడది కాదని వారం తర్వాత తేలింది. ఆవిడ మళ్ళీ కొట్టు తెరవలేదు. నాన్న పేరు రాసినందుకు తాను ఏనాడూ బాధపడలేదనీ, ఈ పేరు చెప్పినందుకు మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదనీ అంది.

అప్పటికప్పుడు బాలకుమారే తన ఇంటికి ఫోన్ చేసి, పులిహోర తిన్నావా అని హోప్‌నే అడిగింది. ఆ పిల్లకు మొహమాటం ఎక్కడిది.

"నో అమ్మమ్మా, ఐ డిడ్న్ట్ ఈట్ ఇట్. మమ్మీ టోల్డ్ మీ నాట్ టు టెల్ యూ."

వెనక నుంచి జెస్లిన్ నీళ్ళు నమలడం వినపడింది. అమ్మ బాధపడుతుందని కూతురి వరసలో తానే టిక్కు పెట్టిందట. కన్నకూతురు చేసిన మోసానికి బాలకుమారికి అంత ఆనందం ఎన్నడూ కలగలేదు. పులిహోర తినని పిల్లే సెలైన్ దాకా వెళ్ళిందన్నమాట.

డాక్టరమ్మ నర్సుకు ఫోన్ చేసింది. గ్రూపులో వద్దు, ఒక్కొక్కరినీ విడిగా అడగండి, తిన్నదే కాదు తాగింది కూడా అడగండి, ఆ హాలు నీళ్ళు పరీక్షకు పంపండి అని, ముసలి గొంతుతోనే అయినా కౌన్సిల్లో మాట్లాడినట్టు మాట్లాడింది.

శుక్రవారం మధ్యాహ్నం బాలకుమారి డాక్టరమ్మ ఇంట్లో ఉండగా కబురొచ్చింది. విడిగా అడిగితే పులిహోర తిన్నవాళ్ళు ఇరవైమందే. జబ్బుపడ్డ పన్నెండుమందీ తాగింది మాత్రం నిమ్మకాయ షర్బత్. దాన్ని హాలు కుళాయి నీళ్ళతో కలిపారు. ఆ కుళాయికి నీళ్ళు బావి నుంచి వస్తాయి, వసంతకాలపు వానలకు పొలాల మురుగు అందులోకి దిగింది. నీళ్ళలో జబ్బు పురుగు దొరికింది. రత్నరాజు లాంటి పెద్దవయసువాళ్ళంతా మరిగిన టీ తప్ప చల్లటిది ముట్టరు కాబట్టి గట్టెక్కారు.

బాలకుమారి కుర్చీలో కూలబడింది. నాలుగు రోజులుగా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కడుపులో ఆకలి తెలిసింది. ఊపిరి పూర్తిగా తీసుకుని, అది వదలకముందే మళ్ళీ ఉలిక్కిపడింది. షర్బత్ కలిపింది కాంతం. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, ఫెలోషిప్‌లో కొత్తగా చేరింది, ఈ కబురు వింటే చచ్చిపోతుంది.

"డాక్టరమ్మా, కాగితం మీద షర్బత్ అని రాయొద్దని చెప్పండి. బావి అని రాయమనండి."

డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ అందుకుంది. కౌన్సిల్‌కు వెళ్ళే కాగితంలో 'బావి నీరు' అనే రాస్తామని నర్సు ఒప్పుకునేదాకా వదల్లేదు. పెట్టేశాక ఆమె కళ్ళు తుడుచుకోవడం బాలకుమారి చూసీ చూడనట్టు ఊరుకుంది.

నర్సు కన్నా ముందే చెప్పాలని బాలకుమారి కాంతానికి ఫోన్ చేసింది. తప్పు బావిదనీ, ఎవరూ ఎవరి పేరూ రాయరనీ మూడుసార్లు చెప్పింది. అవతల కాంతం ఏడ్చింది. తర్వాత తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

"అక్కా, మీకో నిజం చెప్పాలి. నేను కూడా మీ పులిహోర తినలేదు."

"తెలుసులేవే. ఆదివారం చికెన్ కూర తెస్తాను. తినకపోతే తినలేదనే చెప్పు."