పాలు పడనివాళ్ళు

అయితే అవి వేషాలు కావన్నమాట, యాభై దాటాక తెలిసి ఏం లాభం గానీ, కావు, తెర మీద అక్షరాలు చెబుతున్నాయి, కొత్త మెషీన్ జన్యువుల్ని సరిగ్గా చదువుతుందో లేదో చూడ్డానికి అందరం తలా కాస్త ఉమ్మి ఇద్దామండీ అని పక్క బల్ల ఆవిడ అంటే తనూ నవ్వుతూ ఇచ్చాడు, ఇప్పుడావిడ కుర్చీ ఖాళీ, సాయంత్రం కాగానే ల్యాబంతా ఖాళీ, ఇంటికెళ్ళే తొందర లేనివాడు తనొక్కడే, ఫ్రిజ్ ఒకటే గుర్రుమంటోంది, రెండో క్రోమోజోములో ఆ ఒక్క చోట తనకి రెండూ పాత అక్షరాలే, మనుషులు పశువుల్ని పెంచడం మొదలెట్టాక ఎక్కడెక్కడో కొందరిలో ఆ అక్షరం మారింది, పెద్దయ్యాక కూడా వాళ్ళకి పాలు అరిగాయి, వాళ్ళ పిల్లలకీ అరిగాయి, అంతకు ముందు ఎవరికైనా తల్లిపాలు మానిన కొన్నాళ్ళకి పాలతో రుణం తీరిపోయేది, తనది ఆ పాత కడుపు, ఏటా విద్యార్థులకి చెప్పే పాఠమే, చెబుతున్నన్నాళ్ళూ ఆ గ్లాసు ఒక్కసారీ గుర్తు రాలేదు, విచిత్రం,

గ్లాసా అది, చెంబంత ఉండేది, నాన్న ఎదురుగా కూర్చుని తాగరా మొండివెధవా అనేవాడు, నాకు పడవు నాన్నా అంటే, పడకపోవడానికి విషమా, అన్నీ వేషాలు, చెయ్యి లేచేది, తాగి, ఉబ్బిన కడుపుతో మెలికలు తిరుగుతూ బడికెళ్ళేవాడు, అక్కడ బాత్రూం దారి తనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు, వేషాలన్న ఆ మాట ఎంత లోతుకి దిగిందంటే ఆ తర్వాత ఎక్కడ నొప్పిగా ఉన్నా నోరు విప్పలేదు, విడిపోయిన రోజు భార్యా అదే అంది, మీ బాధేంటో మీరు చెప్పరు, ఊహించుకుంటూ నేనెన్నాళ్ళు కూర్చోను,

ఆ రెండు అక్షరాల్లో ఒకటి నాన్న ఇచ్చింది, ఒకటి అమ్మ ఇచ్చింది, జత అలాగే వస్తుంది, తనిచ్చినదానికి తనే కొట్టాడన్నమాట నాన్న, నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగిపోయింది, అమ్మ, నాన్న చెప్పులేసుకోవడానికి అటు తిరగ్గానే అమ్మ గ్లాసు లాక్కుని గటగటా తాగేసేది, వీడే తాగినట్టు కనబడాలని పాల తడి వేలితో కొడుకు పెదవి మీద రాసేది, ఉష్ అనేది, అలా అమ్మ తాగేసిన రోజున తను హాయిగా గెంతుకుంటూ బడికెళ్ళేవాడు, తిరిగొచ్చేసరికి అమ్మ మంచం మీద ముడుచుకుని ఉండేది, ఏమైందమ్మా అంటే ఏం లేదురా, కాస్త నడుం వాల్చాను అనేది, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, రెండు చేతులూ కడుపు మీద అదిమిపెట్టి, నడుం వాల్చడం అలా ఉంటుందా,

తనకి రాకుండా అమ్మలో ఉండిపోయిన రెండో అక్షరం ఏదో ఇప్పుడు ఏ మెషీనూ చెప్పలేదు, అమ్మ లేదు, చెప్పక్కర్లేదు కూడా, ఆ చేతులు తను చూశాడు, అమ్మకీ పాలు పడేవి కావు, తెలిసే తాగింది.