రెండో కంచం

మధ్యాహ్నం చేపల బుట్ట దింపి, కాళ్ళకంటిన ఇసుక కడుక్కుని, వంటింటి గుమ్మంలో కూర్చునేసరికి ఉషారాణికి మొగుడి ఆకలి వచ్చేది. తన ఆకలి సంగతి ఆమెకు తెలుసు. అది బుద్ధిమంతురాలు. పొద్దున్నే లేస్తుంది, ఇంత తరవాణి అన్నం, ఓ ఉల్లిపాయ పడేస్తే నోరు మూసుకుని పడుకుంటుంది. చిట్టిబాబుది అలాంటిది కాదు. ఎడమ డొక్కలో చేరి, తలుపు తీసేదాకా తట్టే చుట్టంలా తడుతూనే ఉండేది.

ఒడిశా ఒడ్డునున్న తెలుగు జాలర్ల ఊరు రామయ్యపట్నంలో ఇది ఎవరికీ వింత కాదు. వేటకెళ్ళిన మగవాడి ఆకలి ఒడ్డునున్న పెళ్ళాం కడుపులోకి రావడం, వీధి కుళాయికి నీళ్ళు రావడం లాంటిదే. కుళాయి అయినా అప్పుడప్పుడూ నాగా పెడుతుంది గానీ ఇది పెట్టదు. "మా ఆయనది వచ్చీసినాదమ్మా" అని ఆడవాళ్ళు చెంబుడు నీళ్ళు తాగి మళ్ళీ పనిలో పడతారు. అది వస్తున్నంతకాలం మనిషి బతికున్నట్టు. ఉన్నట్టుండి ఆగిపోతే ఏమైనట్టో ఎవరూ పైకి అనరు. వీధిలో ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుంటారు, అంతే.

దీనికి ఉన్నది ఒక్కటే కట్టుబాటు. వచ్చిన ఆకలిని ఓర్చుకోవాలి గానీ దానికి అన్నం పెట్టకూడదు.

చిట్టిబాబు వేటలో లేడు. సూరత్‌లో మరమగ్గాల దగ్గర ఉన్నాడు. చేపలు బరంపురం మార్కెట్టుకి తోలడానికి అప్పు చేసి టెంపో కొన్నాడు. తుఫానుకి వాగు పొంగి టెంపోని ఈడ్చుకుపోయింది. బండి పోయింది గానీ బాకీ ఎక్కడికీ పోలేదు. ఫైనాన్స్ కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, చెప్పులతోనే గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్ళక్కూడా వినపడేంత మర్యాదగా మాట్లాడి వెళ్ళేవారు. ఆ మర్యాద భరించలేక చిట్టిబాబు రైలెక్కాడు. బాకీ తీరిన మర్నాడే ఇంట్లో ఉంటానన్నాడు. అప్పటికి కూతురు స్మితకి ఇంకా మాటలు కూడా సరిగా రావు.

ఆ మర్నాటి కోసం ఉషారాణి చేసిన పొదుపు ఇంతా అంతా కాదు. గ్యాసు బండకి ముసుగేసి మూల కూర్చోబెట్టింది. సరుగుడు తోటలో రాలిన ఆకు ఊడ్చుకొచ్చి పొయ్యిలో పెట్టేది. అగ్గిపుల్ల దండగని పక్కింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకునేది. చేపలు అమ్మగా మిగిలిన తలకాయలే కూర, అవీ మిగలని రోజు చింతపండు పులుసు, ఆ చింతపండు కూడా నిన్న పిసికిందే. గదిలో బల్బు వెలిగితే వంటింట్లో ఆరిపోవాలి. తలకి నూనె పండగలకే. బరంపురం వెళ్ళాలంటే బస్సు మాట తలపెట్టకుండా, చేపల వ్యాను వెనక ఐసు పెట్టెల మధ్య ముడుచుకు కూర్చునేది. ఊరు నవ్వేది. నవ్వితే నవ్వనీ, నవ్వుకి వడ్డీ కట్టక్కర్లేదు కదా అనుకునేది.

ఇంత చేసినా, చిట్టిబాబు పంపిన దాంట్లో సగం వడ్డీకే పోయేది. ఒక ఆదివారం అతను ఫోన్లో విసుక్కున్నాడు.

"మెస్సోడు మల్లీ రేటు పెంచీసినాడే. పప్పు నీల్లూ నాలుగు రొట్టెలూ పడీసి నెలకి మూడున్నర వేలు లాగేస్తన్నాడు."

"ఇక్కడ కంట్రోలు బియ్యం ఊరికే ఇస్తన్నారు బావా. నువ్వు నేకపోయినా నీ వాటా కూడా వస్తంది. తినీవోల్లు నేక పురుగట్టీస్తంది."

ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది. కట్టుబాటు తెలిసినవాళ్ళే కాబట్టి దాన్ని ఎవరూ పైకి అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎడమ డొక్కలో తట్టుడు మొదలవగానే ఉషారాణి చెంబు అందుకోలేదు. తన కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని, మొగుడి వాటా బియ్యం వండిన అన్నం అందులో వడ్డించుకుంది. అత్త కాసమ్మ, ఆమెకు సొంత మేనత్తే, వలకి పడ్డ చిక్కుముడులు విప్పుతూ తలెత్తి చూసింది.

"ఒలే, ఎవలికే ఆ కంచం?"

"నీ కొడుక్కే అత్తా."

"వద్దే. ఆకలేస్తేనే మగోడు పడవ ఒడ్డుకి తిప్పుతాడు. అది కాస్తా నువ్వు తినీసినావంటే ఆడికి ఇల్లెందుకు గుర్తుంటాది?"

"బావ పడవ మీద నేడు కదత్తా. టికెట్టు కొంటే రైలే తెచ్చి దింపీస్తాది."

కాసమ్మ మళ్ళీ వల మీదికి వంగింది. ఉషారాణి కళ్ళు మూసుకుని రెండో కంచం ఖాళీ చేసింది. ఆదివారం కాకపోయినా ఆ సాయంత్రం ఫోను మోగింది.

"ఏటి సేసినావే? మద్దేనం మెస్సు కాడ లైన్లో ఉండగానే కడుపు నిండిపోనాది! తేన్పు కూడా వచ్చింది!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. పెళ్ళైన కొత్తలో కూడా అంత నవ్వలేదు. ఎవరికీ దొరకని దొంగతనం చేసినంత సంబరంగా ఉంది. ఆ నెలాఖరుకి చిట్టిబాబు మెస్సు మానేశాడు.

అప్పు ఎండలో పెట్టిన ఐసులా కరగసాగింది. చిట్టిబాబు ఒంట్లో సత్తువ తగ్గలేదు, రెండు షిఫ్టులు చేసినా అలిసేవాడు కాదు. ఉషారాణి మాత్రం ఒళ్ళు చేసింది. "అప్పులోల్లింటి కోడలే ఇలగుంటే కలిగినోల్లింటి కోడలు ఎలగుండాలో!" అని ఆడవాళ్ళు మేలమాడేవారు. ఆమె కూడా నవ్వేసేది.

కడుపు నిండినట్టు తెలిసేది గానీ చిట్టిబాబుకి రుచి అందేది కాదు. అందుకని ఫోను చెయ్యగానే అడిగేవాడు.

"ఈ రోజు ఏటి తిన్నానే?"

"పీత పులుసు, బావా." చింతపండు నీళ్ళే అయినా అలా చెప్పేది. అతను నాలుక చప్పరించడం వినపడేది. స్మితకి ఫోనిమ్మనేవాడు. అది బళ్ళో నేర్చుకున్న ఒడియా పాట పాడేది.

కొన్నాళ్ళకి ఏం తిన్నానని అడగడం మానేశాడు. తర్వాత స్మిత గురించి అడగడం మానేశాడు. "బాగున్నాను. కర్సేటీ నేదు" అని పెట్టేసేవాడు. గొంతు అతనిదే. పక్కన ఎవరో నిలబడి చెప్పిస్తే చెప్పినట్టుండేది.

ఆకలి తీరు కూడా మారింది. ఇదివరకు మధ్యాహ్నం వచ్చి, తిని, వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళడం లేదు. తిన్నాక కూడా డొక్కలోనే ఒత్తిగిలి పడుకునేది. ఆమె నీళ్ళు మోస్తుంటే కదిలేది, చేపలు బేరమాడుతుంటే వింటున్నట్టుండేది. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. వంటింట్లో ఒంటరిగా ఉండాలంటే ఉషారాణికి భయం పట్టుకుంది. అయినా మానలేదు. ఇంకొంచెమే బాకీ ఉంది, తీరిపోతే మనిషే వచ్చేస్తాడు, ఆకలి ఎక్కడుంటే ఏమిటి అని సర్దిచెప్పుకునేది.

బాకీ తీరింది. ఆఖరి సంతకం అప్పు తీసుకున్నవాడే పెట్టాలని బరంపురం ఆఫీసువాళ్ళు అనబట్టి చిట్టిబాబు వచ్చాడు.

బస్సు దిగి, వీధిలోకి వచ్చి, తన ఇల్లు దాటి రెండిళ్ళు ముందుకెళ్ళిపోయాడు. కాసమ్మ కేకేస్తే వెనక్కి తిరిగాడు. మనిషి చక్కగా ఉన్నాడు. కొత్త చొక్కా, నున్నగా గీసిన గడ్డం. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అన్నట్టు చూశాడు.

ఆ రోజు ఉషారాణి పొదుపు గట్టున పెట్టింది. గ్యాసు బండ ముసుగు తీసి, కొనమేను చేప వేపుడు, నిజంగానే పీతల పులుసు చేసింది. చిట్టిబాబు కంచం ముందు కూర్చుని, దాన్ని ఏం చెయ్యాలో మరిచిపోయినవాడిలా ఊరుకున్నాడు. స్మితే ముద్ద కలిపి నోట్లో పెట్టింది. చాలాసేపు బుగ్గన ఉంచుకుని, మర్యాద కోసం మింగాడు.

"ఎలగుంది నానా?"

"బాగుందమ్మా" అన్నాడు. కూతురి తల నిమరబోయి, చెయ్యి గాల్లోనే ఆపి, వెనక్కి తీసుకున్నాడు.

సంతకం అయింది. ఫైనాన్స్ వాళ్ళు కాయితం ఇచ్చారు. దాన్ని దేవుడి పటం వెనక పెట్టి ఉషారాణి ఇటు తిరిగేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు.

"రేపటికి టికెట్టు తీసినాను."

"అదేటి బావా? బాకీ తీరిపోనాది కదా. ఇంకెందుకు ఎల్లడం?"

"ఇక్కడుండి ఏటి సెయ్యాల?"

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగాడు. ఆమె చెబితే వినడానికి సిద్ధంగా, ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. వేట ఉంది, వల ఉంది, కూతురుంది, నేనున్నాను అని చెప్పాలనుకుంది. అవన్నీ అతని కళ్ళ ముందే ఉన్నాయి. చూస్తూనే అడుగుతున్నాడు. ఉషారాణి గోడకి జారబడి ఏడ్చింది. అతను కాసేపు నిలబడి చూసి, సంచి జిప్పు లాగాడు.

రైలు వెళ్ళిన సాయంత్రం కాసమ్మ కోడలి పక్కన వచ్చి కూర్చుంది. దెప్పుతుందనుకుంది ఉషారాణి. ముసలామె దెప్పలేదు.

"తిండి మానీ. నీదీ ఆడిదీ రెండూ మాడాల. తిండి దొరక్కపోతే అది దాని మనిసిని ఎతుక్కుంటాది. నువ్వు మాత్రం మద్దెలో ముద్ద పెట్టకు, ఎంత గోలెట్టినా."

అది గోల పెట్టింది. రెండు ఆకళ్ళు ఒకే కడుపులో కొట్టుకున్నాయి. ఉషారాణి స్మితకి అన్నం తినిపిస్తూ చేతికంటిన మెతుకుల వంక చూసి, గబగబా వెళ్ళి చెయ్యి కడిగేసుకుంది. ఒక్క ముద్ద తింటే బావ ఎప్పటికీ రాడు. తినకుండా తను పడిపోతే పిల్ల దిక్కులేనిదవుతుంది. నడుముకి చీర కొంగు బిగించి కట్టుకుని, తెల్లారేదాకా చాప మీద మెలికలు తిరిగింది.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తుంటే, ఎడమ డొక్కలో తట్టుడు ఆగిపోయింది. తగ్గడం కాదు, ఒక్కసారిగా లేకుండా పోయింది. తన ఆకలి ఒక్కటే మిగిలింది. చేతిలో చేప జారిపోయింది.

రామయ్యపట్నంలో దానికి ఒక్కటే అర్థం.

ఆమె మొహం చూసే పక్కింటావిడకి తెలిసిపోయింది. ఆవిడ వచ్చి అరుగు చివర కూర్చుంది. ఎదురింటావిడ పొయ్యి మీది కుండ దించేసి వచ్చింది. ఒక్కొక్కరే వచ్చారు. కాసమ్మ నేల మీద చతికిలబడి, "నానే సెప్పినాను, నానే మాడ్చమన్నాను" అని గొణుగుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. తన చేతులారా చంపుకున్నాననుకుంది ఉషారాణి. గాజుల వంక చూసుకుంది. ఏడుపు రాలేదు.

అప్పుడు ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు. పక్కింటావిడ ఎత్తి ఉషారాణి చెవి దగ్గర పెట్టింది.

రైళ్ళ రొద. ఒక మగవాడు చిన్నపిల్లాడిలా ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

"ఉషా... ఆకలేస్తందే. సచ్చిపోతన్నాను, అంత ఆకలేస్తంది. రాయ్‌పూర్‌లో దిగిపోనాను. ఇక్కడ పూరీలు అమ్ముతన్నారు..."

ఉషారాణి ఫోను లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

"ముట్టకు బావా. అక్కడేటీ తినకు."

"నా వల్ల కాదే. రేపటికి గానీ ఇంటికి రాలేను."

"ఓర్సుకో" అంది ఆమె. "నువ్వొచ్చీదాకా నానూ తినను."