నల్ల పేజీ మీద బూడిద రంగు అక్షరాలు

నా బ్లాగు తెరిచినవాళ్ళెవరైనా ముందు కళ్ళు చికిలించేవారు. నల్లటి పేజీ, దాని మీద బూడిద రంగు అక్షరాలు, అవీ చీమ తలకాయలంత. ఆరేళ్ళ కిందట మా ఆయన ఓ ఆదివారం కూర్చుని దాన్ని తెరిచిపెట్టారు. అది అడిగినదానికల్లా 'సరే' నొక్కుకుంటూ పోతే వచ్చిన రూపం అది.

మొదట్లో నాకూ నచ్చలేదు. మార్చుకుందామనే అనుకున్నాను. ఈలోగా మా అత్తయ్య ఒకరోజు ఫోను చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుని, "ఏం రాశావో ఏమో గానీ అమ్మాయ్, నాకు తల తిరుగుతోంది" అని తిరిగి ఇచ్చేసింది. మా ఆయన రెండు పేరాల దాకా వచ్చి, "బాగుంది, మిగతాది తర్వాత చదువుతా" అన్నారు. ఆ 'తర్వాత' ఇప్పటికీ రాలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆ నలుపు జోలికి పోకూడదని.

మా ఇంట్లో నాలుగు గదులున్నాయి. నేను తలుపేసుకుంటే 'ఏమైంది?' అని అడగని గది ఒక్కటీ లేదు. స్నానాల గదైనా పది నిమిషాలు దాటితే అంతే. బ్లాగుకి మాత్రం తలుపు అవసరం పడలేదు. భోజనాల బల్ల మీద అందరి మధ్యా లాప్‌టాప్ బార్లా తెరిచి పెట్టినా ఎవరూ లోపలికి వచ్చేవారు కాదు. చదివేవాళ్ళు పన్నెండు మంది. ఎక్కడెక్కడివాళ్ళో, నా ముఖం తెలియనివాళ్ళు. వాళ్ళ కోసం నేను ఇంట్లో చూసింది చూసినట్టు రాసేదాన్ని. కోపంతో కాదు, చాడీలూ కావు. తూకం వేసినట్టు, ఎంతుంటే అంత.

చిట్టి మా ఆయన చెల్లెలు. ముప్ఫై రెండేళ్ళొచ్చినా ఇంట్లో అందరికీ చిట్టే. ఒక కంపెనీలో వెబ్‌సైట్లకి ముఖం దిద్దే ఉద్యోగం. ఏ బొత్తాం ఎక్కడుండాలి, ఏ రంగు పక్కన ఏది నప్పుతుంది, అదంతా ఆమె విద్య. వాళ్ళ ఫ్లాటుకి రంగులేయిస్తున్నారని, ఆ వాసన పడదని, పది రోజులుందామని మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో రోజు నా వెనక నించుని లాప్‌టాప్‌లోకి తొంగి చూసింది.

"వదినా! ఏంటిది, బొగ్గుల కొట్టులా?"

"అలవాటైపోయిందిలే."

"రెండొందల పద్నాలుగు టపాలా! ఇన్ని రాసి చీకట్లో పడేసుకున్నావా? ఆగు, దీని సంగతి నేను చూస్తా."

"వద్దు చిట్టీ. రోజంతా ఆఫీసులో అదే పని చేసి, మళ్ళీ ఇంటికొచ్చీ అదేనా?"

"పరాయివాళ్ళకి చేస్తే పని. నీకు చేస్తే పనేంటి?"

దొరికిన కారణాలన్నీ వరసపెట్టి చెప్పాను. చదివేవాళ్ళు దీనికి అలవాటు పడ్డారన్నాను. "పన్నెండు మందేగా, వాళ్ళ కళ్ళూ బాగుపడతాయి" అంది. నాకు నలుపంటే ఇష్టమన్నాను. "నీ బీరువాలో నల్ల బట్ట ఒక్కటి చూపించు, ఇప్పుడే వదిలేస్తా" అంది. ఏదైనా తేడా వస్తే రాసిందంతా పోతుందేమో అన్నాను. నన్ను చంటిపిల్లని చూసినట్టు చూసి నవ్వింది.

అసలు కారణం ఒక్కటే. అది చెప్పడానికి వీల్లేనిది. మీరెవరూ చదవకూడదనే ఇలా ఉంచానని, ప్రేమగా సాయం చేస్తానంటున్న మనిషిని పట్టుకుని ఎలా అంటాం?

"పాస్‌వర్డ్ నా దగ్గరుంది, పంపిస్తా ఉండు" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే. నన్ను అడగాలని ఆయనకి తోచలేదు. తెరిచింది ఆయనే కాబట్టి తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది.

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. "చెయ్యనివ్వమ్మాయ్! నాకూ చదవాలనుంది. కోడలు రాస్తుంది రాస్తుంది అని మా అక్కకి చెప్పడమే తప్ప, ఏం రాస్తుందంటే నా దగ్గర జవాబు లేదు."

అంతటితో తేలిపోయింది. నా బ్లాగు విషయంలో నేను తప్ప ఇంటిల్లిపాదీ ఒక మాట మీదున్నారు.

ఆదివారానికి పూర్తి చేస్తానంది చిట్టి. నాకు నాలుగు మధ్యాహ్నాలు మిగిలాయి. ఆ వేళ చిట్టి లోపలి గదిలో ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతుంటుంది, అత్తయ్య నడుం వాలుస్తుంది. నేను మొదటి టపా నుంచి మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ ఒక ఫైల్లోకి దించుకుని, బ్లాగులోంచి చెరిపేయడం. దించుకున్నవన్నీ 'కుక్కర్ గ్యారంటీ' అని పేరు పెట్టిన ఫోల్డర్లో వేశాను. మా ఇంట్లో ఆ పేరున్న దాన్ని తెరిచే మనిషి నేను తప్ప ఇంకొకరు పుట్టలేదు.

మా ఆయన ఫ్రిజ్ తలుపు తీసుకుని, లోపల్నించి ఎవరో బయటికి వస్తారన్నట్టు ఎదురుచూస్తూ నిలబడటం గురించి రాసింది తీసేశాను. "నేను కడుగుతాలే వదినా" అంటూ చిట్టి సరిగ్గా ఆఖరి పళ్ళెం కడగడం అయ్యాక కుర్చీలోంచి లేవడం గురించి రాసింది తీసేశాను. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది అత్తయ్య ఫోను మాటల గురించి రాసిన టపా దగ్గర. ఆవిడ రోజూ వాళ్ళక్కతో మాట్లాడుతుంది. నన్ను మెచ్చుకునే మాటలు వంటింట్లోకి వినబడేంత గట్టిగా అంటుంది. ఆ తర్వాత గొంతు తగ్గిపోతుంది. ఆ తగ్గిన గొంతులో ఏముంటుందో నాకు తెలుసని, పదేళ్ళుగా తెలుసని, అయినా ఉల్లిపాయలు తరుగుతూ విననట్టే ఉంటానని రాశాను. నా పన్నెండు మందికీ ఎక్కువ నచ్చింది అదే.

శనివారానికి ముప్ఫై ఒక్క టపాలు మిగిలాయి. సింకు మరకలు, పంచదార డబ్బాకి చీమలు పట్టడం, లిఫ్టు చేసే చప్పుడు, గాలికి ఎగిరి పక్క బాల్కనీలో పడ్డ దిండు గలీబు. మనుషులున్నది ఒక్కటీ లేదు. వరసగా చదివితే ఖాళీ ఇంట్లో ఎవరో కాపలా ఉండి రాసినట్టుంది. అయినా నాకు ఊపిరి ఆడింది.

ఆదివారం పొద్దున చిట్టి అందరినీ హాల్లో కూర్చోబెట్టి, నా బ్లాగుని టీవీ మీదికి ఎక్కించింది.

గోడ సగం తెల్లబడింది. మీగడ రంగు పేజీ, ఉసిరికాయలంత గుండ్రటి అక్షరాలు. పైన ఒక బొమ్మ: చెక్క బల్ల, ఆవిర్లు కక్కుతున్న కప్పు, పక్కన ఒక పువ్వు. మా ఇంట్లో అలాంటి బల్లా లేదు, కప్పూ లేదు.

"కళ్ళజోడు లేకుండానే కనబడుతోందే!" అత్తయ్య ముందుకు వంగింది. "'సింకులో మరకలు'... చదివేశాను చూశారా!"

"అమ్మ పదో తరగతి పాసైపోయింది" అన్నారు మా ఆయన.

చిట్టి ఇంకా కిందికి జరుపుతోంది. జరిపి జరిపి ఆగిపోయింది. మళ్ళీ పైకి వెళ్ళింది, మళ్ళీ కిందికి. ముఖంలో రంగు మారింది.

"వదినా... ముప్ఫై ఒకటే ఉన్నాయి."

చిట్టి మళ్ళీ వేలు పెట్టి లెక్కపెట్టింది.

"రెండొందల పద్నాలుగు ఉండాలి. నేను చూశాను కదా. నా చేత్తోనే పోయాయా? ఆ రోజు ఏదో అడిగితే సరే అని నొక్కాను..." అంటూ ఏడుపు మొదలుపెట్టింది. "ఆరేళ్ళు రాశావు వదినా. వద్దంటున్నా వినకుండా ముట్టుకున్నాను."

'నేనే తీసేశాను' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే ముగ్గురి నోటా వచ్చే తర్వాతి మాట 'ఎందుకు?'. దానికి ఉన్న జవాబు చెప్పలేను. వెళ్ళి చిట్టి వీపు నిమిరాను.

"పోతే పోయాయిలే. అంత గొప్పవేం కావు."

అనకుండా ఉండాల్సింది. నేను మంచిగా ఉన్నకొద్దీ ఆమె ఇంకా ఏడ్చింది. మా ఆయన నా వైపు, కొత్తగా చూసినట్టు, గౌరవంగా చూశారు. "మీ వదిన కాబట్టి అలా అంటోంది. ఇంకొకళ్ళయితే ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు" అన్నారు. చేయని తప్పుకి ఒకరు ఏడుస్తుంటే, లేని మంచితనానికి నన్ను మెచ్చుకుంటుంటే, నేను అక్కడ నిలబడి ఉన్నాను.

సోమవారం పొద్దున టీ పెడుతుండగా చిట్టి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"దొరికాయి వదినా! అన్నీ దొరికాయి! పని మొదలుపెట్టే ముందు మొత్తం కాపీ తీసి పెట్టుకోవడం మాకు అలవాటు. నిన్న కంగారులో ఆ సంగతే తట్టలేదు. రెండొందల పద్నాలుగూ ఎక్కడివక్కడ పెట్టేశాను."

టీ పొంగింది. స్టవ్ ఆపేసి, గుడ్డ కోసం వెతికాను. గుడ్డ నా భుజం మీదే ఉంది.

"అంతే కాదు, నిన్ను కంగారు పెట్టినందుకు జరిమానాగా ఇంకో పని కూడా చేశా. ఇన్నింట్లో వెతుక్కోవడం కష్టం కదా, అందుకని ఏ మాట ఎక్కువుంటే ఆ మాట కింద విడదీశా. నేను చదవలేదులే, అంత తీరికెక్కడిది, మెషీనే చేసింది. చూడు."

ఫోను నా ముఖం ముందు పెట్టింది. మీగడ రంగు పేజీ పైన నాలుగు బొత్తాలు, ఒక్కొక్కటీ లేత రంగులో, అంచులు గుండ్రంగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. 'వంటిల్లు' నూట పన్నెండు. 'ఆయన' యాభై రెండు. 'చిట్టి' తొమ్మిది. 'అత్తయ్య' నలభై ఒకటి.

"అమ్మా! వదిన నీ మీద నలభై ఒక్క టపాలు రాసింది!"

"నా మీదా?" హాల్లోంచి అత్తయ్య గొంతు. అంత సంతోషంగా ఆవిడ గొంతు నేను ఎన్నడూ వినలేదు. "అంతుందా నా గురించి రాయడానికి? ఏదీ, ఇలా తే."

ఇక నేను చేయగలిగిందేమీ లేదు. చిట్టి తన తొమ్మిదీ చదివిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం భోజనం అవుతూనే లేచి పళ్ళేలన్నీ తనే కడిగింది. బుధవారం తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళేటప్పుడు నన్ను మామూలుకన్నా ఒక క్షణం ఎక్కువ కావలించుకుంది.

అత్తయ్య మూడు రోజులు చదివింది. కిటికీ దగ్గర కూర్చుని, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క టపా అయ్యాక ఫోను ఒళ్ళో బోర్లించి బయటికి చూస్తూ. ఒకసారి నవ్వింది. ఒకసారి కళ్ళజోడు తీసి ముక్కు నొక్కుకుంది. ఏ టపాలో ఉందో కనుక్కోవాలని కూరలు తెచ్చే వంకతో రెండుసార్లు అటు తిరిగాను. కనబడలేదు. ఆ మూడు రోజులూ వాళ్ళక్కకి ఫోను చేయలేదు. నేను అన్నం రెండుసార్లు మాడ్చాను. ఆవిడ మారుమాట్లాడకుండా తినేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నీ అయ్యాయి."

చాకు కింద పెట్టాను.

"ఫోను మీద రాశావు చూడు, అది తప్పు."

"అత్తయ్యా, నేను..."

"ఉండు, చెప్పనీ. నేను గొంతు తగ్గించేది నిన్ను అనడానికి కాదు. నా మోకాలి సంగతి చెప్పుకోవడానికి. నీ చెవిన పడితే మర్నాడే ఆసుపత్రికి ఈడ్చుకుపోతావు. వాళ్ళు కొయ్యాలంటారు. నాకు భయం. ఏనాటి నుంచో చెప్పుకునేది మా అక్క ఒక్కదానికే."

ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. నేను పదేళ్ళు ఉల్లిపాయలు తరుగుతూ విన్నది, వినని మాటల్ని. ఎంతుంటే అంత అని రాసుకున్నదాన్ని, తూకం రాయే తప్పు పెట్టుకున్నాను.

"మార్చేస్తాను" అన్నాను.

"మార్చు. మిగతా నలభై నిజమే, వాటి జోలికి పోకు." గుమ్మం పట్టుకుని కాలు మార్చి నిలబడింది. "నాకు కోపమేం లేదమ్మాయ్. ఇన్నేళ్ళలో నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. మీ మామయ్య సరే సరి, ఉన్నన్నాళ్ళూ నేను చెవులకేం పెట్టుకున్నానో కూడా ఆయనకి తెలిసేది కాదు. ఒక్కటే చెప్తున్నా. ఇకనించి వేసే ముందు నాకు చూపించు. అడిగితే అసలు సంగతి నేనే చెప్పేదాన్నిగా?"

తప్పు నాది, మంచితనం ఆవిడది. సరేనన్నాను.

మర్నాడు తెల్లారింది మొదలు ఆవిడ మామూలుగా నడవడం మానేసింది. నేను చూస్తున్నానేమోనని చూసుకుంటూ నడిచింది. బట్టలు మడత పెడుతూ, "ఇలా మూలలు కలిపి మడవడం మా అమ్మ నేర్పింది, కావాలంటే రాసుకో" అంది. పాలవాడితో గొడవపడి లోపలికొచ్చి, "ఇది రాయకు" అంది. మా ఆయన ఫ్రిజ్ తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ తీసుకోకుండానే గబుక్కున మూసేశారు. రోజంతా నా కళ్ళు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. నేను చూడగానే ఎవరి పని వాళ్ళు ఆపేసి, నాకు కనబడాల్సిన పని మొదలుపెడుతున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచాను. ముందు ఫోను టపా సరిదిద్దాలి. అప్పటికే దాని కింద ఒకరు వ్యాఖ్య పెట్టారు: 'పేజీ ఇప్పుడెంత బాగుందండీ, మీ ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది.'

హాల్లో కుర్చీ కదిలిన చప్పుడు. అత్తయ్య దాన్ని గచ్చు మీద బరబరా ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసుకుంది. కూర్చుని, మోకాలు ఒకసారి నిమురుకుంది. నేను చూశానని గమనించి ఇంకోసారి నిమురుకుంది.

"ఊఁ, మొదలుపెట్టు" అంది. "నేనేం మాట్లాడనులే. చూస్తూ ఉంటా, అంతే."