తెలుగు రాని అవ్వ

"తెలుగు రానిదే కావాలి అభీ. మన మాటలు పక్క ఫ్లాట్లకు మోసే రకం వద్దు" అంది స్పందన, నా ఎదుటే, సంతలో మేకను చూసినట్టు నన్ను ఎగాదిగా చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి, ఫోన్లో నేర్చిన కన్నడలో, "అజ్జీ, తెలుగు గొత్తా?" అని అడిగింది.

"ఇల్లమ్మా" అన్నాను, రాదన్నట్టు తల అడ్డంగా ఊపి.

నేను పుట్టింది తెలుగింట్లో, పెరిగింది కన్నడ గడ్డ మీది ఈ వర్తూరులోనే. వాళ్ల అపార్ట్‌మెంటు లేచింది మా రాగి చేల మీద. ఇక్కడ పాతకాపుల్లో చాలామందిమి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడతాం. ఆ సంగతి విజయవాడ నుంచి దిగిన ఈ మహానుభావులకు ఎవరు చెప్పాలి? మునివెంకటమ్మ అన్న నా పేరు విని కూడా వాళ్లకు అనుమానం రాలేదు. మోకాళ్లు అరిగిపోయి ఇల్లిల్లూ తిరిగి గచ్చు తుడవలేకపోతున్నాను. ఇక్కడైతే రెండేళ్ల పిల్లవాణ్ణి చూసుకుంటే చాలు. అందుకే అబద్ధమాడాను.

ఇక మొదలైంది నా చెవులకు పట్టిన శని. నేను గడప తొక్కగానే స్పందన ముక్కు మూసుకునేది. "దీని చీర కంపు చూశావా?" ఆ కంపు చెరువుది. ఇన్ని ఫ్లాట్ల మురుగూ మింగి నురగ కక్కే చెరువు పక్కన నడిచి వస్తే చీర మల్లెపూల వాసన వేస్తుందా? నా గ్లాసు వేరు, సింకు కింద ఫినాయిలు సీసా పక్కన దాని చోటు. "వీళ్లకు అవేం పట్టవులే" అనేవాడు ఆమె మొగుడు అభిషేక్, నేను కాచిన రాగి జావ కొడుకు చప్పరిస్తుంటే పక్కనే నిలబడి. ఒకసారి స్పందన పురుగు పట్టిన ఉప్మా రవ్వ తెచ్చి, "పారేసే బదులు దీని మొహాన కొడదాం" అని మొగుడితో అని, మరుక్షణం "తగొళ్ళి అజ్జీ" అంటూ తియ్యగా నా చేతికిచ్చింది. ఇంటికి పోతూ రవ్వంతా కాలువలో గుమ్మరించాను. థూ, చదువు కొండంత, సంస్కారం గోరంత.

హాల్లో కెమెరా ఉంది. అందుకని లోపల పిల్లవాడు హర్షతో కన్నడలో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకునేదాన్ని. బాల్కనీలో కెమెరా లేదు. అక్కడ వాణ్ణి ఒళ్లో వేసుకుని నోటి దురద తీరేదాకా తెలుగే. "అద్దో చూడప్పా, కాకి వచ్చుండాది" అనేదాన్ని. మెల్లగా వాడూ అందుకున్నాడు. "కాకి ఎగిరిపాయ అవ్వా" అన్న రోజు మెటికలు విరిచి దిష్టి తీశాను. వాళ్లకు నేను కన్నడ అజ్జిని, వాడికి తెలుగు అవ్వను.

తలుపు గంట మోగితే నేను టక్కున నోరు మూసుకునేదాన్ని. వాడూ మూసుకునేవాడు. ఆట అనుకున్నాడో, ఇంటి పద్ధతి ఇంతే అనుకున్నాడో. అమ్మానాన్నల ముందు ఒక్క ముక్క పెగిలేది కాదు.

మూడో పుట్టినరోజు దాటింది. డాక్టర్లయ్యారు, బొమ్మల కార్డులయ్యాయి, "అమ్మా అను నాన్నా" అని బతిమాలడాలయ్యాయి. వాడు నా మొహం చూసేవాడు. నేను తల దించుకునేదాన్ని. నోరు విప్పితే పని పోతుంది, పనితో పాటు బిడ్డా పోతాడు.

మొన్న శనివారం స్పందన సోఫాలో కూర్చుని ఏడుస్తోంది. "మండే నుంచి మాటలు రాని పిల్లల స్కూల్లో వేసేద్దాం అభీ. ఈ కన్నడ ముసల్దాని పక్కన కూర్చోబెట్టి నా కొడుకుని మూగవాణ్ణి చేశాం. దీని కంపే వాడికి తగిలినట్టుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. నన్నంటే పడ్డాను. నిక్షేపంగా మాట్లాడే బిడ్డను మూగవాడంటే ఎలా పడను? జావ గిన్నె పక్కన పెట్టి వాడి ముందు చతికిలబడ్డాను. కెమెరా చూస్తే చూడనీ.

"హర్షప్పా, బాల్కనీలో మాట్లాడినట్ల మాట్లాడు. మీ అమ్మ ఏడుస్తా ఉండాది చూడు."

ఇద్దరూ బిగుసుకుపోయారు. హర్ష వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. నేను తలూపాను.

"ఏడవద్దమ్మా" అన్నాడు. "అవ్వ కాడ కంపు లేదు. అవ్వ మంచిది."

అభిషేక్‌కు కళ్లనీళ్లు వచ్చేశాయి. స్పందన బిడ్డను ఎత్తుకుంటుందనుకున్నాను. ఎత్తుకోలేదు. నన్నే చూస్తోంది.

"నీకు తెలుగొచ్చా?"

"మా అమ్మ భాష తల్లీ. రాకుంటే ఎట్ల?"

తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి కాబోలు, ఆమె మొహం కందగడ్డ అయింది. సిగ్గుపడుతోందనుకున్నాను, పిచ్చిదాన్ని. మొగుడి వైపు తిరిగి, నా మీదికి వేలు చూపిస్తూ, గబగబా ఇంగ్లీషులోకి మారిపోయింది. అతనూ కళ్లు తుడుచుకుని ఇంగ్లీషులోనే అందుకున్నాడు. కొడుకు నోటి మాట కోసం వీళ్లు మొక్కని దేవుడు లేడు. తీరా బిడ్డ మాట్లాడితే ఆ మాటకు బదులు పలికే దిక్కు లేదు.

హర్ష నా కొంగు పట్టి లాగాడు.

"అవ్వా, అమ్మ ఏమంటా ఉండాది?"

"నాకు తెల్దప్పా" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.